ఆరు తీగలు, ఆరు గుంటలు

ఆ సోమవారం ఉదయం గుంటల మీద పనిచేసే సమాధానం పెట్టుకున్న పనులు మూడు. రంగనాయకులు గారి రొయ్యల గుంటలు ఆరూ చూసి పుస్తకంలో రాయాలి. రాసిన పేజీని ఫోటో తీసి ఆయనకు పంపాలి. నీళ్ళ సీసాలు తీసుకుని తోటపల్లి గూడూరు ల్యాబుకు పోయి పరీక్ష చేయించుకు రావాలి. ఈ మూడింటి మధ్యలో ఎక్కడో ఒక ఇరవై నిమిషాలు గిటారు. ఈ నాలుగోది పనుల కిందికి రాదని అతని భార్య రెబెక్కమ్మ మొదటినుంచీ చెబుతూనే ఉంది.

"ఈ వారమన్నా ఆ పదకొండు పన్నెండవుద్దా?" అని అడిగింది ఆమె, టిఫిన్ డబ్బా బండికి తగిలిస్తూ.

"చూడాల."

"మూడు వారాలుగా చూస్తానే ఉండావు. పదకొండు దగ్గరే ఆగిపోతే ఏమవుద్ది?"

సమాధానం పేరుకే గానీ, ఆమె ప్రశ్నలకు అతని దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు. బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

సమాధానానికి యాభై రెండేళ్ళు. పన్నెండేళ్ళప్పుడు, ఊళ్ళో జరిగిన క్రైస్తవ కన్వెన్షన్ కూటాలకు ప్రసంగం చెప్పడానికి వచ్చిన ఒక దైవసేవకుడి గిటారును దగ్గరికి పోయి చూస్తుంటే, "తాకబాక, తీగలు తెగిపోతాయి" అని ఎవరో పెద్దాయన కసిరాడు. ఆ మాట మీద అతను నలభై ఏళ్ళు నిలబడ్డాడు. మొన్న వేసవిలో కృష్ణపట్నం పోర్టులో పనిచేసే ఒకాయన బదిలీ మీద వెళుతూ సామాన్లు వదిలించుకుంటుంటే, అందులో ఒక గిటారు కనిపించింది. సమాధానం మొదట ఒక్క వేలితో తాకి చూశాడు. తీగ తెగలేదు. ఇంటికి తెచ్చుకున్నాడు.

నేర్పడానికి ఎవాంజెలిన్ ఒప్పుకుంది. ఆమె దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో నర్సు, ఆదివారం చర్చిలో గిటారు వాయించేది కూడా ఆమే. అందరూ సిస్టర్ అంటారు. రెండో పాఠం రోజున ఆమె ఒక మాట చెప్పింది.

"అన్నా, పెద్ద వయసులో మొదలుపెట్టినోళ్ళకి తాము పెరగతా ఉండామని తెలవదు. అందుకే విసుగొచ్చి మానేస్తారు. మీరు గుంటలకి రోజూ రాస్తారు గదా, అట్టనే దీనికీ రాసుకోండి. నిమిషంలో జి కార్డు నుంచి సి కార్డుకి ఎన్నిసార్లు మారినారు, ఏ తీగ పలికింది, ఏది పలకలేదు. అన్నీ రాయండి."

కార్డు అంటే రెండు మూడు తీగల్ని ఒకేసారి నొక్కి పట్టడం. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు వేళ్ళు తడబడకుండా మారడమే మొదటి కష్టం. సమాధానం "అట్టనే" అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. మేత కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చే నీలం అట్ట పుస్తకాలు షెడ్డులో కట్టగా ఉన్నాయి. అట్ట మీద రొయ్య బొమ్మ. ఒకటి గుంటలకు ఎప్పటినుంచో నడుస్తోంది, రెండోది గిటారుకు తీశాడు. గుంటలు ఆరు, తీగలూ ఆరే కాబట్టి కొత్తగా గళ్ళు ఆలోచించే పని కూడా తప్పింది.

మొదటి వారం నిమిషానికి మూడు. తర్వాత ఐదు, ఏడు, పదకొండు. అక్కడ ఆగిపోయింది. రొయ్య పిల్లకు మేత వేస్తే వారానికి గ్రామో గ్రామున్నరో పెరుగుతుంది. తనకు ఎంత మేత వేసినా పెరుగుదల లేదని సమాధానం లోపల్లోపల కుమిలిపోయాడు. పైగా ఎవాంజెలిన్ పోయిన వారం ఎఫ్ అనే కార్డు చూపించింది. చూపుడు వేలును ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి, మిగిలిన వేళ్ళతో మరో మూడు చోట్ల నొక్కాలి. అలా పట్టుకుని వాయిస్తే ఒక్క తీగా సరిగ్గా పలకలేదు. పలకని తీగను చచ్చిన తీగ అంటారని కూడా ఆమె నుంచే తెలిసింది.

ఆ ఉదయం ఆరు గంటలకు గట్టు మీది మేత షెడ్డులో కూర్చుని ఇరవై నిమిషాలు సాధన చేశాడు. ముందు గుంటల పుస్తకం రాశాడు, తర్వాత గిటారు పుస్తకం రాశాడు. రెండూ మేత బస్తా మీద పక్కపక్కన తెరిచి ఉన్నాయి. ల్యాబు దగ్గర ఆలస్యమైతే వరసలో నిలబడాలన్న తొందరలో ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోటో తీసి, పంపేశాడు. గిటారుకు దుమ్ము పట్టకుండా పాత లుంగీ కప్పి బస్తాల మీద పడుకోబెట్టాడు. షెడ్డుకు తాళం వేసి, సీసాల సంచి తగిలించుకుని బయలుదేరాడు. ఫోన్ లోపలే ఛార్జింగులో ఉండిపోయిన సంగతి రెండు కిలోమీటర్లు పోయాక గుర్తొచ్చింది. గంటలో తిరిగొస్తాను గదా అనుకున్నాడు.

నెల్లూరులో బావమరిది గృహప్రవేశంలో ఉన్న రంగనాయకులుకు ఆ ఫోటో చేరింది. ఆయన పొదలకూరు వైపు వరి రైతు. రొయ్యల్లోకి దిగి నాలుగేళ్ళయింది. రెండేళ్ళ కింద తెల్లమచ్చ తెగులు వచ్చి ఆరు గుంటలూ ఒక్క వారంలో పోయాయి. అప్పటినుంచి సోమవారం పేజీ చూడనిదే ఆయనకు కాఫీ దిగదు. పీట మీద కూర్చుని, ఒకవైపు పాలు పొంగుతుంటే, ఫోన్ తెరిచి చదివాడు.

"1 – బాగుంది.
2 – మూగగా ఉంది.
3 – పరవాలేదు, గరగర.
4 – చచ్చింది.
5 – చచ్చింది. ఎంత చేసినా లేవలేదు.
6 – వణుకు.
ఎఫ్ వచ్చినప్పుడల్లా అన్నీ చస్తున్నాయి. ఎర్రగా అయి, వాచి, చర్మం ఊడుతోంది. మూడు వారాలుగా పెరుగుదల లేదు. సిస్టర్‌ను అడగాలి. ఇంకో వారం చూసి, వదిలెయ్యడమే."

రంగనాయకులు పీట మీది నుంచి లేచాడు. పురోహితుడు కూర్చోమన్నా కూర్చోలేదు. సమాధానానికి ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ తీయలేదు. ఏడుసార్లు చేశాడు. ఆ తర్వాత పక్క గట్టు మీద నాలుగు గుంటలున్న పెంచలకృష్ణకు ఆ పేజీ పంపి, పోయి చూడమని చెప్పి, పట్టుపంచెతోనే కారెక్కాడు.

పెంచలకృష్ణ మంచివాడే గానీ, ఏ సంగతైనా ఒంటరిగా మొయ్యలేడు. పేజీ చదివిన వెంటనే దాన్ని రైతుల గ్రూపులో పెట్టి, "ఎఫ్ అని ఏదో కొత్త తెగులు. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి" అని రాశాడు. ఐదు నిమిషాల్లో పదిమంది తమకు తెలుసన్నారు. తమ నీళ్ళలోకి రాకుండా తూములు మూసేస్తున్నామని నలుగురు చెప్పారు. తెగులు ముదరకముందే రొయ్యల్ని పట్టేసి అమ్ముకోవడం మంచిదని ఒకాయన సలహా ఇచ్చాడు. రంగనాయకులు కారులోంచే ఆ సలహాకు ఒప్పుకుని, వలల మేస్త్రీ హజరత్తయ్యకు ఫోన్ చేసి మనుషుల్ని, ఐసు బండిని గట్టు మీదికి పంపమన్నాడు. ఇంకా నలభై రోజులు పెరగాల్సిన రొయ్యలు అవి.

పెంచలకృష్ణ గట్టు మీదికి వచ్చేసరికి షెడ్డు తాళం వేసి ఉంది. లోపల ఫోన్ మోగుతోంది. సమాధానం ఎక్కడా లేడు. కిటికీ కన్నంలోంచి తొంగి చూస్తే, మేత బస్తాల మీద పొడుగ్గా, లుంగీ కప్పుకుని ఏదో పడుకుని ఉంది. పేరు పెట్టి పిలిచాడు. కదల్లేదు. అప్పుడతనికి పేజీలో చివరి మాటలు గుర్తొచ్చాయి. చర్మం ఊడటం. సిస్టర్‌ను అడగాలనడం. రొయ్యకు జబ్బు చేస్తే సిస్టర్‌ను ఎవరడుగుతారు? కిటికీ దగ్గర్నుంచి పది అడుగులు వెనక్కి నడిచి, ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాడు.

"తెగులు మనిషికి కూడా అంటుకున్నట్టుండాది, మేడం. లోపల పడిపోయి ఉండాడు. తలుపు తియ్యాలంటే మాకు భయంగా ఉంది."

ఇవేవీ తెలియని సమాధానం ల్యాబులో మూడు గంటలు వరసలో నిలబడ్డాడు. నీళ్ళన్నీ బాగున్నాయని రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని పదింబావుకు తిరిగొచ్చాడు. దూరం నుంచే గట్టు మీద జనం కనిపించారు. రెండు బండ్లు, వలలు, ఐసు పెట్టెలు. నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయేమోనని మెడ చాచి చూశాడు. లేదు, నీళ్ళమీద చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. గట్టు మొదట్లో తాడు కట్టి, ఒక తొట్టిలో బ్లీచింగ్ నీళ్ళు పోసి పెట్టారు. బండి ఆపి, చెప్పులు విప్పి, ఎందుకో తెలియకుండానే అందులో కాళ్ళు ముంచి, తాడు కింద నుంచి దూరి వెళ్ళాడు. జనమంతా షెడ్డు తలుపు వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"ఏం జరిగిందన్నా?" అని వెనక నుంచి అడిగాడు.

పెంచలకృష్ణ తిరిగి చూసి, ఒక్క గెంతులో హజరత్తయ్య వెనక్కి పోయాడు. హజరత్తయ్య ఇంకొకరి వెనక్కి పోయాడు.

"నువ్వు లోపల గదా ఉండావు" అన్నాడు పెంచలకృష్ణ.

"నేను ల్యాబు కాడ ఉండా."

"మరి లోపల పడుకోనుండేది ఎవరు?"

సమాధానం నోరు తెరిచేలోగా రంగనాయకులు జనాన్ని తోసుకుని వచ్చాడు. పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది, తల మీద అక్షింతలు అలాగే ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బతికే ఉండావా? చాల్లే. గుంటలు పోతే పోయినాయి. చెయ్యి చూపించు. యాడ ఊడింది చర్మం?" అంటూ ఫోన్ చూపించాడు.

ఫోన్‌లో సమాధానానికి తన చేతిరాతే కనిపించింది. నాలుగు చచ్చింది. ఐదు చచ్చింది. పొరపాటున పాత పేజీ పంపానని చెప్పొచ్చు. ల్యాబు కాగితం చూపించి ఏదో సర్దుకోవచ్చు. యాభై రెండేళ్ళ మనిషి, చర్చి సంఘంలో పెద్ద, పని మధ్యలో మేత షెడ్డులో కూర్చుని గిటారు గోకుతున్నాడని ఇంతమందికి తెలియాల్సిన అవసరం లేదు. ముందు ల్యాబు కాగితం తీసి ఇచ్చాడు.

రంగనాయకులు చూసి తిరిగిచ్చేశాడు. "నీళ్ళు బాగుంటే ఎందుకు చస్తా ఉండాయి? అదే గదా కొత్త తెగులంటే." తర్వాత హజరత్తయ్య వైపు తిరిగి, "నాలుగులో దించబ్బా" అన్నాడు.

మనుషులు వల భుజాన వేసుకుని నాలుగో గుంటలో మొలలోతు దిగారు.

"వల తియ్యండి" అన్నాడు సమాధానం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అన్నా, అవి గుంటలు కాదు. తీగలు."

"ఏం తీగలు?"

"గిటారు తీగలు. నేను నేర్చుకుంటా ఉండా. ఊడింది నా వేళ్ళ చర్మం. చచ్చింది తీగ. పొరపాటున ఆ పుస్తకం పేజీ మీకు పంపినాను."

రంగనాయకులు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మనసు కష్టపడకూడదని చెప్తా ఉండావు. నాకు తెలుసు. నీకు గిటారేంది, సమాధానం?"

సమాధానం షెడ్డు తాళం తీశాడు. లుంగీ తొలగించి గిటారును బయటికి తెచ్చాడు. పెంచలకృష్ణ దాన్ని పైనుంచి కిందికి చూసి, శవం కాదని నిర్ధారించుకున్నాడు. అయినా అనుమానం తీరలేదు.

"గిటారు ఉంటే సరిపోద్దా? పేజీలో రాసినట్టు నాలుగు, ఐదు చస్తాయేమో వాయించి చూపించు. అప్పుడు నమ్ముతాం."

అంతకంటే తేలికైన పరీక్ష సమాధానానికి జీవితంలో ఎదురు కాలేదు. బస్తా మీద కూర్చున్నాడు. చుట్టూ ఇరవై మంది. చూపుడు వేలు అడ్డంగా పెట్టాడు. భయానికి ఆ వేలు ఎన్నడూ లేనంత గట్టిగా బిగుసుకుంది. మిగతా వేళ్ళు వాటి చోట్లకు అవే పోయాయి. కుడి చేత్తో మీటాడు.

ఆరు తీగలూ పలికాయి. నిండుగా, శుభ్రంగా, ఏరేటర్ల చప్పుడును దాటి గట్టు చివరిదాకా పోయేటట్టు పలికాయి. వారం రోజులుగా రాని ఎఫ్ అది. సమాధానం మొహం నిండా నవ్వు వచ్చేసింది. తలెత్తి చూస్తే రంగనాయకులు మొహం పాలిపోయి ఉంది.

"ఒక్కటి కూడా చావలేదే" అన్నాడు పెంచలకృష్ణ.

"ఇంత బాగా వాయించే మనిషి ఇట్ట రాసుకుంటాడా" అన్నాడు హజరత్తయ్య.

రంగనాయకులు తల దించుకుని, "దించండబ్బా" అన్నాడు.

సమాధానం జీవితంలో మొదటిసారి ఒక పని బాగా చేసినందుకు పశ్చాత్తాపపడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆరోగ్య కేంద్రం ఆటో వచ్చి ఆగింది. మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని ఎవాంజెలిన్ దిగింది. బస్తా మీద గిటారుతో కూర్చున్న రోగిని చూసి, మాస్కు కిందికి లాగింది. పెంచలకృష్ణ ఫోన్ అందించాడు. పేజీ పూర్తిగా చదివింది. నవ్వు ఆపుకోవడానికి కాసేపు సముద్రం వైపు చూసింది.

"ఇది నేను చెప్పిన పాఠమే. ఈయన నా దగ్గరే నేర్చుకుంటా ఉండాడు" అంది.

"ఇప్పుడే వాయించినాడమ్మా. అన్నీ బ్రహ్మాండంగా పలికినాయి" అన్నాడు రంగనాయకులు.

ఎవాంజెలిన్ సమాధానం వైపు చూసింది. "నిజంగానా అన్నా?"

"ఒక్కసారి, సిస్టర్" అన్నాడు సమాధానం, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"మొదట్లో అట్టనే అప్పుడప్పుడూ ఒకసారి వస్తుంది. ఇంకోసారి వాయించమనండి."

సమాధానం మళ్ళీ వేలు పెట్టాడు. గురువు ఎదురుగా ఉందన్న కంగారుతో చెయ్యి చెమర్చింది. మీటాడు. రేకు డబ్బా మీద కర్రతో కొట్టినట్టు ధబ్‌మంది. రంగనాయకులు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఒక్కొక్కటీ మీటు. నాలుగు?"

"చచ్చిందన్నా."

"ఐదు?"

"చచ్చింది."

"ఎంత చేసినా లేవలేదని రాసినావే, లేపు చూద్దాం."

సమాధానం వేలు విరిగేటట్టు నొక్కాడు. ఐదో తీగ లేవలేదు. గుంటలో మొలలోతు నీళ్ళలో నిలబడ్డ వలవాళ్ళ మొహాలు విప్పారాయి. పెంచలకృష్ణ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, రెండు మూగే, మూడు గరగరే, సరిపోయిందని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. ఆరో తీగ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక అడుగు దగ్గరికి జరిగారు.

"వణకతా ఉంది" అన్నాడు హజరత్తయ్య మెల్లగా.

"వణకతా ఉంది, వణకతా ఉంది" అని వలవాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు.

రంగనాయకులు బస్తా మీద సమాధానం పక్కనే కూలబడ్డాడు. "ఇంకొక్కసారి వాయించబ్బా" అన్నాడు. సమాధానం వాయించాడు. అంతకంటే ఘోరంగా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. నాలుగో గుంటలో విసురు వల వేసి చూస్తే, తీసిన రొయ్యలన్నీ గట్టు మీద ఎగిరిపడ్డాయి. ఒక్కదాని మీదా మచ్చ లేదు.

హజరత్తయ్య మనుషులు వలలు పిండుకుని వెళ్ళిపోయారు. ఎవాంజెలిన్ వచ్చిన పని ఊరికే పోకుండా సమాధానం వేళ్ళు చూసి, రెండు రోజులు ఆపమని చెప్పి, ఆటో ఎక్కింది. ఇక తిట్లు మిగిలాయి. వాటి కోసం సమాధానం తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆ పుస్తకం ఇటియ్యి" అన్నాడు రంగనాయకులు.

మొదటి పేజీ నుంచి తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. గుంటల పుస్తకం చూసినట్టే వేలు పెట్టి ఒక్కో గడీ చూశాడు.

"మొదటి వారం నిమిషానికి మూడు. ఇప్పుడు పదకొండు. పెరుగుదల లేదని రాసినావేంది? రెండు నెలల్లో దగ్గర దగ్గర నాలుగింతలయింది గదయ్యా. నా గుంటల్లో ఇట్టాంటి పంట నేను ఇంతవరకూ చూడలే."

సమాధానం ఆ లెక్క అలా ఎప్పుడూ చూసుకోలేదు. రోజూ నిన్నటి గడీతోనే పోల్చుకున్నాడు. రంగనాయకులు పుస్తకం మూసి అతని చేతిలో పెట్టి, తల మీది అక్షింతలు దులుపుకుని, గృహప్రవేశం భోజనాలన్నా అందుకుందామని కారెక్కాడు. పోతూ పోతూ, "దీనికి ఎర్ర అట్ట వెయ్యి" అని మాత్రం చెప్పాడు.

పెంచలకృష్ణ అక్కడే నిలబడి గ్రూపులో దిద్దుబాటు రాశాడు: "అది గిటారు. రొయ్యలు బాగుండాయి." ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అప్పటికే మొదటి పేజీ ఇంకో తొమ్మిది గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి వాకాడు వైపు నుంచి ముక్కూ మొహం తెలియని రైతులు ఫోన్ చేసి, ముందు మూగబోతాయా, ముందు వణుకుతాయా అని అడిగారు. సమాధానం ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా, అది తెగులు కాదనీ, ఎఫ్ అనే కార్డనీ చెప్పాడు. వాళ్ళు ఆ కార్డు ఎక్కడ ఇస్తారని అడిగారు.

మరుసటి వారానికల్లా అటువైపు ఎఫ్ తెగులుకు మందు వచ్చిందనీ, వాడినవాళ్ళకు బాగానే గుణమిచ్చిందనీ తెలిసింది.